దర్వాజ మీద ఇంకొకరి పేరు

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాటతో మొదలుపెడతాను. ఆ వాక్యం రాసింది నేను.

మా పేటవాళ్లకైతే ఏ వాక్యమో చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం: "ఇయ్యాల మీరు కండ్లు మూసుకుంటె, రేపు మీ దర్వాజ మీద ఇంకొకరి పేరుంటది." మొన్నటి కార్పొరేషన్ ఎన్నికల్లో ఆటో మైకు దీన్ని గల్లీ గల్లీకి మోసింది. చిన్నపిల్లలు అన్నం వద్దని మారాం చేస్తే తల్లులు కూడా ఇదే అని బెదిరించారు. అది మా అభ్యర్థి నోట పుట్టిందనే అందరూ అనుకున్నారు. కొన్నాళ్లకు ఆయన కూడా అలాగే అనుకున్నారు. నా డైరీలో మాత్రం మూడు కొట్టివేతల కింద, నాలుగో వరుసలో, నా చేతిరాతలోనే ఉంది.

మేము చదివిన తెలుగు బడివాళ్లు పాత విద్యార్థుల ఉద్యోగ జ్ఞాపకాలతో పుస్తకం వేస్తున్నారు. ఇప్పుడు చదువుతున్న పిల్లలకు పనికొచ్చే సంఘటన ఒకటి రాసిమ్మని నన్నూ అడిగారు. ఇందులో రాస్తున్న మిగతావాళ్లు ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన పెద్దలు. నా సర్వీసు నాలుగు నెలల పది రోజులు. రిటైరయ్యేనాటికి నాకు ఇరవై నాలుగేళ్లు. సన్మానం జరగలేదు, శాలువా కప్పలేదు. అయినా చెప్పుకోవలసిన తప్పు చేయడానికి నాలుగు నెలలు చాలని నా అనుభవం.

నాకు ఆ ఉద్యోగం బీడీల వల్ల వచ్చింది.

మాది జోడ్‌భావి పేటలో, మరాఠీ నేల మీద స్థిరపడ్డ తెలుగు నేతగాళ్ల పాత వరస. ఒక ఇంటి గోడే పక్కింటికీ గోడ. వెనక సందులో సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు పొద్దంతా ఉంటుంది కాబట్టి మేమందరం కాస్త గట్టిగా మాట్లాడతాం, నేను తప్ప. మధ్యాహ్నం వంటలయ్యాక ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని నీడపట్టున కూర్చుంటారు. తడిపిన ఆకు కత్తిరించడం, తంబాకు పెట్టడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం. చేతులకు పనే, కళ్లకూ పనే. చెవులు మాత్రమే ఖాళీ. అందుకని ఇంట్లో చదువుకున్న ఆడపిల్ల ఉంటే ఆమెను బీడీలకు కూర్చోబెట్టరు, చదవడానికి కూర్చోబెడతారు. నాలుగో తరగతి నుంచి మా గల్లీకి చదివిపెట్టింది నేను. పేపరు, వారపత్రికలో సీరియలు, పెళ్లి పత్రికలు, నల్లా నోటీసులు, ఒకసారి దగ్గు మందు డబ్బాలో కాగితం మొత్తం.

నేను మనుషుల ముఖం చూసి మాట్లాడలేను. హోటల్లో చాయ్ కావాలని అడగడానికి కూడా ముందు మనసులో రెండుసార్లు అనుకుంటాను. కానీ మా గల్లీలో అందరూ వాళ్ల చేతుల వైపే చూస్తుంటారు, నా ముఖం ఎవరికీ అక్కర్లేదు. ఆ ధైర్యంతో చదివేదాన్ని. చదువుతూ ఒకటి కనిపెట్టాను. చప్పగా ఉంటే వాళ్ల చేతులు వేగంగా నడుస్తాయి. బాగుంటే నెమ్మదిస్తాయి. చాలా బాగుంటే ఆగిపోతాయి. పరీక్షల్లో నాకు ఎన్ని మార్కులొచ్చాయో మరిచిపోయాను గానీ, ఏ కథ దగ్గర ఎన్ని చేతులు ఆగాయో డైరీలో ఇప్పటికీ ఉంది.

ఒకరోజు అభ్యర్థిగారు ఓట్లడుగుతూ మా గల్లీకి వచ్చారు. ఆయనను అందరూ మరాఠీలో భావూ, అంటే అన్నా, అంటారు, నేనూ అలాగే అంటాను. సాంచెల యజమాని, మావాళ్లే, తాతల కాలంలో కరీంనగర్ దిక్కునుంచి వచ్చినవాళ్లు. ఆయన వచ్చేసరికి నేను సీరియలు చదువుతున్నాను. నమస్కారం పెట్టారు, ఎవరూ చూడలేదు. రెండోసారి పెట్టారు. మా అమ్మ తల ఎత్తకుండానే, "జర ఆగుండ్రి భావూ, ఆమె బాయిల దుంకిందో లేదో తెలువనియ్యుండ్రి," అంది.

ఆయన ఆగారు. అందరి చేతులు ఆగడం చూశారు. ఆయన తెలివైనవాడు.

"పిల్ల రాస్తది గూడనా?" అని అడిగారు.

"ముత్యాలసొంటి అక్షరాలు," అంది అమ్మ. అమ్మకు చదువు రాదు. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయా లేదా అన్నదే ఆమెకు తెలిసిన సాహిత్య విమర్శ.

అలా సోమవారం నాడు ప్రచార కార్యాలయంలో చేరాను. సాంచెలు తీసేసిన షెడ్డు అది, కుర్చీ జరిపితే దూది లేచేది. భావూ నన్ను పక్కకు పిలిచి, "ఎవరన్న అడిగితె నకలు రాస్తున్న అను, బేటా. భాషణ్ నాది, అక్షరాలు నీవి," అన్నారు. నాకూ అదే సుఖంగా అనిపించింది. రాయాలి, కానీ ఎవరూ నన్ను చూడకూడదు. ఇంతకంటే మంచి ఉద్యోగం సిగ్గరికి ఎక్కడ దొరుకుతుంది?

నా సహోద్యోగి ఒక్కరే, మైకు మామ. ముప్పై ఏళ్లుగా ఆటోలో మైకు పట్టుకుని తిరుగుతున్న మనిషి. నీళ్లు వచ్చే వేళ, తప్పిపోయిన మేక, పోలియో చుక్కలు, ఎన్నికలు, అన్నీ ఒకే గొంతుతో చెప్పేవాడు. చెవుల్లో ఎప్పుడూ దూది ఉండేది. మొదటిరోజే కారణం అడిగాను.

"నేను ఒర్రేది నేను ఇంటె, గీ వయసుదాక బతుకుదునా బిడ్డా," అన్నాడు.

నా మొదటి భాషణ్ నీళ్ల గురించి. నాలుగు రోజులకోసారి వచ్చే నీళ్లు, వానకు నిండే మోరీలు, వెలగని వీధి దీపాలు. ఫైలు చూసి, ఇంజినీరును ఎవరితోనో అడిగించి, ఒక్క తప్పు మాట లేకుండా రాశాను. భావూ దాన్ని మా చౌరస్తాలో చదివారు. ఆ సాయంత్రం అమ్మ, "ఇయ్యాల మంచిగ పనైంది. రోజుకన్న రెండు కట్టలు ఎక్కువ చుట్టిన," అని సంతోషపడింది. నాకు సంగతి అర్థమైంది.

భావూకు కూడా అర్థమైంది. "బేటా, నీళ్ల కష్టం జనానికి నాకన్న ఎక్కువ ఎరుక. బిందెలు మోసేది వాళ్లు. వాళ్లకు ఎరుకలేంది చెప్పాలె."

"ఏంది భావూ అది?"

"గది నాకు ఎరుకైతె నిన్నెందుకు పెట్టుకుందును? ఇంటికి పోయినంక గూడ కడుపుల కలుక్కుమనాలె. గసొంటిది రాయి."

రాయగలనని నాకు తెలుసు. అదే వచ్చిన చిక్కు. పుస్తకాలు చదివే పిల్లలకు ఒక రోగం ఉంటుంది. మాకు నిజం కంటే ముందు వాక్యం కనిపిస్తుంది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు రాయడానికి కూర్చున్నాను. నాకు కంటితో వాక్యం తెలియదు, చెవితోనే తెలుస్తుంది. అందుకని గోడవైపు తిరిగి, గోడకే చెబుతున్నట్టు పైకి చదువుకుంటాను. మొదటిది పొడుగైంది, కొట్టేశాను. రెండోదాంట్లో ఎదుటి అభ్యర్థి పేరుంది. అతడు నిజంగా ఏమీ చేయలేదు కాబట్టి అదీ కొట్టేశాను. నన్ను నేను నిజాయితీపరురాలినని అప్పుడు మెచ్చుకున్నాను కూడా. మూడోదాంట్లో "మీ ఇల్లు" అని ఉంది. ఇల్లంటే పెద్దది, కంటికి ఆనదు. దర్వాజ అంటే రోజూ తల వంచి దాటేది. నాలుగోసారి ఆ వాక్యం వచ్చింది. మూడుసార్లు గోడకు వినిపించాను. గోడ ఏమీ అనలేదు.

అప్పుడు బయటికి వచ్చి, "అమ్మా, భావూ రేపు ఈ మాట చెబుతడట," అని చదివాను.

అమ్మ చేతులు ఆగాయి. సగం చుట్టిన ఆకు ఆమె వేళ్ల మధ్య మెల్లగా విప్పుకుంది, తంబాకు చాటలో రాలింది.

"ఎవరి పేరే?" అంది.

"భాషణ్ అట్లనే ఉంటదమ్మా."

ఆమె రాలిన తంబాకును మళ్లీ ఆకులోకి ఎత్తుకుంది. నేను లోపలికి వెళ్లి డైరీలో "అమ్మ చేతులు ఆగాయి. సాధించాను" అని రాసుకున్నాను. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం రాయలేదు.

మర్నాడు సభ. వాక్యం తర్వాత "ఇక్కడ ఆగాలి" అని రాసిచ్చాను. భావూ తొందరలో దాన్ని కూడా చదివేశారు. "రేపు మీ దర్వాజ మీద ఇంకొకరి పేరుంటది, ఇక్కడ ఆగాలి!" అని వేలు చూపించారు. నేను కుర్చీల వెనక ముఖం దాచుకున్నాను. జనం మాత్రం దానికి ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఎక్కడ ఆగాలో, ఎవరు ఆగాలో ఎవరూ అడగలేదు.

మూడో రోజు నుంచి మా పేటలో పేర్లు లేవడం మొదలైంది. దర్వాజలకు ఎవరి పేరు వాళ్లు రాయించుకుంటున్నారు. దుకాణాల బోర్డులు రాసే పెయింటరు ఒకడున్నాడు, పాపం ఎప్పుడూ పని దొరకక కూర్చునేవాడు. ఇప్పుడు నిచ్చెన దిగకుండా అన్నం తింటున్నాడు. నీలం రంగు అయిపోయి ఆకుపచ్చ, అదీ అయిపోయి సినిమా పోస్టరు ఎరుపు. ఒకాయన ముందు దర్వాజకూ వెనక దర్వాజకూ రాయించి, అనుమానం తీరక బాత్రూము తలుపు మీద కూడా రాయించాడు. ఇద్దరన్నదమ్ములు ఎవరి పేరు పైన ఉండాలో తేల్చుకోలేక, ఊళ్లో ఉన్న తండ్రి పేరు రాయించారు. ఆయన పండుగకు వచ్చి చూసి, "నేను సచ్చిన్ననుకున్నరా ఏంది?" అని రెండు రోజులు అన్నం ముట్టలేదు.

నిజం చెప్పాలి కదా. ఆ వారం నేను గల్లీల్లో తల ఎత్తి నడిచాను. ఒక్క పత్రిక కూడా నా కథ వేసుకోలేదు, కానీ నా వాక్యం గోడలెక్కింది. తల ఎత్తింది దర్వాజలు చూడటానికేనని ఎవరికీ తెలియదు గనుక, అమ్మ "పిల్లకు ధైర్యమొచ్చింది" అనుకుంది.

అప్పుడు పక్కింటి సంగతి బయటపడింది.

మా పక్కిల్లు, గల్లీ అంతా అవ్వ అని పిలిచే ముసలామెది. ఆమె భర్త మగ్గం నేసి కట్టిన ఇల్లు. ముందు గదిలో మగ్గం గుంట ఉండేది, ఆయన పోయాక దాన్ని పూడ్చి గచ్చు చేయించి, గది అద్దెకిచ్చింది. అందులో ఉండేది కర్ణాటక సరిహద్దు ఊరినుంచి వచ్చిన ఒంటరి మనిషి. తువ్వాళ్ల అంచులు కుట్టి బతికేది. నన్ను తన భాషలో తంగీ అని పిలిచేది, చెల్లెలా అని. మధ్యాహ్నాలు తువ్వాళ్ల మూటతో మా మధ్యే కూర్చుని నా చదువు వినేది. అవ్వ కళ్లలో మందు చుక్కలు వేసేది ఆమె. అవ్వకు జ్వరమొస్తే గంజి కాచేది ఆమె. అప్పటికి ఆ ఇంట్లో తొమ్మిదేళ్ల నుంచి ఉంది. అవ్వ మాత్రం ఆమెను అప్పటికీ "కొత్తామె" అనే అనేది.

అవ్వ మరిది కొడుకు భాషణ్ విని నేరుగా పెద్దమ్మ దగ్గరికి వచ్చాడు. "పెద్దమ్మా, తొమ్మిదేండ్లాయె. ఇన్నేండ్లున్నోళ్లకు ఇంటి మీద హక్కొస్తదట. ఇన్నవు గద భావూ ఏమన్నడో. రేపు దర్వాజ మీద ఎవరి పేరుంటదో నువ్వే సోచాయించు."

అవ్వ మూడు రోజులు సోచాయించింది. నాలుగో రోజు కొత్తామెతో, శుక్రవారంలోగా గది ఖాళీ చేయమంది. వేరే చోటు చూసుకోవడానికి ఆమెకు మనుషులు లేరు. హోట్గి రోడ్డు దిక్కు ఎవరో దూరపు చుట్టం ఉందట, రెండేళ్లుగా మాటలు లేవట. ఇదంతా నాకు అమ్మ చెప్పింది. చెప్పి, "ఎవలన్నా సరె, పాడు మాటనే అది," అంది. నేను పుస్తకం తెరిచి ఒకే పేజీ చాలాసేపు చూశాను.

గురువారం కార్యాలయానికి వెళ్లి, జీవితంలో మొదటిసారి భావూను నేనే ముందుగా పలకరించాను.

"భావూ, ఆ 'ఇంకొకరు' ఎవరు?"

ఆయన చాయ్ తాగడం ఆపి నవ్వారు. "నన్నడుగుతవేంది? రాసింది నువ్వు గద."

"నేనెవరినీ అనుకోలేదు."

"గందుకే అది పనిచేసింది, బేటా. ఒకరి పేరు పెట్టినవనుకో, ఆ ఒక్కరిని చూసి భయపడ్డోడే భయపడతడు. నువ్వు జాగ ఖాళీ ఇడిసిపెట్టినవు. ప్రతి ఇంటోళ్లు ఎవరికి నచ్చినోళ్లను వాళ్లు కూసుండబెట్టుకున్నరు." ఇంత మెచ్చుకోలు నాకు ఏ గురువూ ఇవ్వలేదు. ఏడుపొచ్చింది. "నువ్వు హుషార్ పిల్లవు. ఇంకోటి రాయి, ఆదివారం సభకు."

ఆయన పక్కా దుర్మార్గుడని రాస్తే నాకు తేలికగా ఉండేది. కానీ ఆయన అవ్వనూ ఎరగడు, కొత్తామెనూ ఎరగడు. నేను ఇద్దరినీ ఎరుగుదును.

శుక్రవారం సెలవు పెట్టాను. మధ్యాహ్నం మా గల్లీలోకి తోపుడు బండి వచ్చింది. మరిది కొడుకే పట్టుకొచ్చాడు. కొత్తామె సామాను ఎక్కువేమీ లేదు. కుట్టుమిషను, ఒక ట్రంకు, రెండు బిందెలు, తువ్వాళ్ల మూట. ఆడవాళ్లందరూ చాటలు ముందు పెట్టుకుని తల ఎత్తకుండా చుడుతున్నారు. అంత వేగంగా చేతులు నడవడం నేనెప్పుడూ చూడలేదు. అవ్వ దర్వాజకు ఆనుకుని, అటు తిరిగి కూర్చుంది. ఆమె తలకు పైన, దర్వాజ మీద, నీలం రంగులో భర్త పేరు మెరుస్తోంది. మైకు మామ ఆటో మా మూలమీదే ఆగి ఉంది. ఆయన మైకు కట్టేసి చాయ్ తాగుతున్నాడు.

"బిడ్డా," అంది అవ్వ నాతో, "గా కాగజ్ సదువు. నేను ఉట్టిగ ఎల్లగొడుతలేనని అందరు ఇనాలె. ఆమె గూడ ఇనాలె."

కాగజ్ అంటే భావూ కరపత్రం. నా వాక్యం పెద్ద అక్షరాల్లో ఉంది. చదివాను. చేతులన్నీ ఆగాయి, ఒక్కసారిగా, ఎవరో స్విచ్చి ఆపినట్టు. పదిహేనేళ్లుగా నేను వెతుక్కున్నది సరిగ్గా అదే. నాకు ఆ ఆగిన చేతులు చూసి భయమేసింది.

"ఎవరి పేరు?" అన్నాను.

సాంచెల చప్పుడులో ఎవరికీ వినపడలేదు. మళ్లీ అనాలి. రెండోసారి అనడం మొదటిసారి కంటే కష్టం.

"ఇంకొకరి పేరుంటది అని ఉన్నది. ఎవరి పేరో లేదు."

"లేకపోవుడేంది," అంది అమ్మ. "మల్ల సూడు. ఎనక సూడు."

వెనక తిప్పి చూశాను. భావూ ఫొటో ఉంది. "లేదమ్మా. ఎవరు రాస్తరో లేదు. ఎందుకు రాస్తరో లేదు. ఎవరు రాయనిస్తరో గూడ లేదు."

అమ్మ తన చాటలోంచి ఒక బీడీ తీసుకుంది. కట్ట కట్టేముందు ఆమె ప్రతి బీడీనీ బొటనవేలితో నడుమ నొక్కి చూస్తుంది. పైకి లావుగా ఉండి లోపల తంబాకు లేనిదాన్ని కార్ఖానాలో పక్కకు విసిరేస్తారు కాబట్టి, మా గల్లీలో ఆడపిల్ల నేర్చుకునే మొదటి పని ఈ నొక్కి చూడటమే. అమ్మ దాన్ని నొక్కింది, అవ్వ వైపు చూసింది.

"మూతి మంచిగున్నది, దారం మంచిగున్నది. నడుమ ఏం లేనట్టున్నది చిన్నమ్మా, గీ మాటకు."

"లేకపోతె గంతమంది పేర్లెందుకు రాయించుకున్నరు?" అంది అవ్వ.

"మరి నువ్వెవరనుకున్నవే?" అని అమ్మ పక్కనున్న ఆమెను అడిగింది.

"నేనా? మా ఎనక షెడ్డుల సాంచెల మీద పనికొచ్చిన పరదేశి పోరగాండ్లనుకున్న," అంది ఆమె. "మీరు గాదా?"

"నేను ఈమె నాయిన తమ్ముళ్లనుకున్న," అంది అమ్మ నన్ను చూపిస్తూ. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

మూడో చాట దగ్గర ఒక అత్త, ఆకు కత్తిరిస్తున్న కోడలు. అత్త గొంతు సవరించుకుంది. "ఉన్నమాటకేంది. నేను దీన్నే అనుకున్న."

కోడలు కత్తెర ఆపలేదు. "నేను మిమ్ముల్నే అనుకున్న అత్తా. దర్వాజ మీద మీ పేరే ఉన్నది గద."

ముందు ఎవరో తుమ్మినట్టు నవ్వారు. తర్వాత ఆపుకోలేకపోయారు. చాటల్లో తంబాకు ఎగిరింది. మైకు మామ అందరి నోళ్లూ కదలడం చూసి, ఏమైందోనని దగ్గరికొచ్చి, ఒక చెవిలో దూది తీశాడు. కరపత్రం అతని చేతికిచ్చాను. కూడబలుక్కుని చదివాడు.

"గిదా నేను పది రోజులసంది ఒర్రుతున్నది?" అన్నాడు. "ఎవని పేరట?"

అవ్వ ఒక్కతే నవ్వలేదు. బండి పక్కన నిలబడ్డ మనిషిని అప్పుడు చూసింది, ఆ రోజంతటిలో మొదటిసారి. "నువ్వెవరనుకున్నవు?"

కొత్తామె చెప్పడానికి ఇష్టపడలేదు. చీర చెంగు వేలికి చుట్టుకుంది. "వద్దులే అవ్వా."

"చెప్పు."

"మీ మరిది కొడుకనుకున్న. మీరు ఒక్కరున్నరు, కండ్లు సరిగ కనపడవు. ఆయన వచ్చి మీ ఇల్లు పట్టుకుంటడని భయమైంది. గందుకే పెయింటర్‌ను పిలిచి మీ ఆయన పేరు రాయమన్న. పెయింటర్‌కు అక్షరాలు ఈ తంగీ రాసిచ్చింది."

అది నిజమే. కొత్తామె అడిగితే అవ్వ భర్త పేరు ఒక చీటీ మీద రాసిచ్చాను, అవ్వే అడిగించి ఉంటుందనుకున్నాను. అవ్వ ఆ పేరు కార్యాలయంవాళ్లు ఊరికే రాయించారనుకుంటోంది. ఆమె తల పైకెత్తి చూసింది. ఆ కళ్లకు నీలం రంగు తప్ప అక్షరాలు కనిపించవు. చాలాసేపు చూసింది. మరిది కొడుక్కు అప్పుడే సాంచెల దగ్గర ఏదో పని గుర్తొచ్చింది. వెళుతూ బండి కూడా వదిలేసి వెళ్లాడు.

"ఏందట్ల నిలవడ్డవు?" అంది అవ్వ చివరికి. "మిషను లోపల పెట్టు. చాయ్ పెట్టుపో. నాకు చెక్కర తక్కువెయ్యి." మా అవ్వకు క్షమాపణ చెప్పడం ఇంతకంటే ఎక్కువ రాదు.

ఇక్కడితో ఆపితే కథ నాకే అనుకూలంగా ఉంటుంది. కానీ ఆ మధ్యాహ్నం అందరి ముందు ఇన్ని ప్రశ్నలడిగిన నేను, ఒక్క ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని వణికాను. ఇది రాసిందెవరు అని. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు తెలుసు. నకలు రాస్తున్నా అనేదాన్ని.

ఆ సాయంత్రం కట్టలు కడుతుంటే అమ్మను అడిగాను. "మరి నువ్వు మొదటిసారి ఇన్నప్పుడు చేతులెందుకు ఆగినయే?"

"పామని ఎవలన్న ఒర్రినా ఆగుతయి," అంది అమ్మ. "ఆగుడు పెద్ద సంగతా? ఆగినంక దీపం పట్టుకొని సూడాలె."

ఈ ఒక్క మాట కోసమే ఈ జ్ఞాపకం రాశాను. బడిలో మీకు వ్యాసాలు రాయడం నేర్పుతారు, వినేవాళ్లు చెవులప్పగించేలా మాట్లాడటం నేర్పుతారు. మీలో కొందరికి అది నాలాగే తొందరగా పట్టుబడుతుంది. రేపు ఎవరో ఒక భావూ వచ్చి మీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయంటారు. రాయండి, తప్పులేదు. రాసింది ముందు మీరే నొక్కి చూసుకోండి. నడుమ ఖాళీ ఉంటే, దాన్ని నింపేది మీరు కాదు.

శనివారం రాజీనామా పత్రం తీసుకెళ్లాను. చక్కటి తెలుగులో ఒకటిన్నర పేజీ. భావూ మొదటి వరుస చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. "నకలు రాసెటోళ్లు రాజీనామా ఇయ్యరు, బేటా. రాకుండ ఉంటరు," అన్నారు. తర్వాత ఆయన గెలిచారు. నా వాక్యం వల్లనో, ఎదుటివాళ్ల దగ్గర అదీ లేకపోవడం వల్లనో తెలియదు. నీళ్లు ఇప్పటికీ నాలుగు రోజులకోసారే వస్తున్నాయి. దర్వాజల మీద పేర్లు ఎవరూ మార్చలేదు, ఎండకు వాటంతటవే వెలిసిపోతున్నాయి. మైకు మామ మాత్రం ఇప్పుడు ప్రతి కాగితాన్నీ మోగించే ముందు నాకు పంపి, "ఎవని పేరన్న ఉన్నదా సూడు బిడ్డా," అంటాడు. మొన్న తప్పిపోయిన మేక ప్రకటన కూడా పంపాడు.

కొత్తామె ఉండిపోయిందనే మేమనుకున్నాం. అవ్వ ఆమెను ఆ పేరుతో పిలవడం మానేసింది, ఏ పేరుతో పిలవాలో తెలియక "ఏమే" అనేది. కానీ నెలన్నర తర్వాత, ఎవరూ పొమ్మనకుండానే, ఆమె హోట్గి రోడ్డు చుట్టంతో మాట కలుపుకుని గది చూసుకుంది. అవ్వ రెండుసార్లు వద్దంది. ఆమె నవ్వి, "ఒకసారి మూట కట్టిన చేతులు అవ్వా, ఇగ ఎప్పుడు కట్టాల్సొస్తదో అనే ఉంటయి," అంది. అవ్వ ఆ రోజు కళ్లలో మందు తనే వేసుకుంది, సగం చెంపల మీదికి కారింది.

బిందెలు బండి మీద పెట్టడానికి నేను వెళ్లాను. ఖాళీ గదిలో పూడ్చిన మగ్గం గుంట మీద గచ్చు ఒక చెయ్యి మేర వేరే రంగులో ఉంది. ఆమె మంచం ఇన్నేళ్లూ మా ఇంటి గోడకు ఆనుకుని ఉండేదని అప్పుడు చూశాను. మంచం రాసుకున్నచోట సున్నం అరిగింది. నేను రాసుకుంటూ కూర్చునే చోటు, గోడకు ఇవతల, సరిగ్గా అదే.

చెప్పేద్దామనుకున్నాను. మనసులో రెండుసార్లు అనుకున్నాను కూడా. "అక్కా, ఆ భాషణ్..." అన్నాను.

ఆమె బిందె నా చేతిలోంచి తీసుకుని, తువ్వాళ్ల మూట పక్కన కదలకుండా సర్ది, కొంగు దులుపుకుంది.

"గోడ పలుచన, తంగీ," అంది. "గా మాట అందరికన్న ముందు నేనే ఇన్న. మస్తుగ రాసినవు అనుకున్న గూడ. గా ఇంకొకరు నేనేనని తెల్వక."